అంట్లకంకణ విమోచనము అను ఓరిన్ ట్వేట్ మాగ్నం తూటాల కథ

ఓ త్రాసుముల్లు దేవతా! గ్రెయినను గోధుమగింజంత తూకములో పదోవంతుకు అటూ ఇటూ ఊగి మగవారి మనశ్శాంతిని మంటగలుపు తల్లీ! ఒక్క క్షణము ఊగుట మాని నా నాలుకపై నిలువుము. సకల భూమండలమున, అమెరికా దేశమున, మోంటానా రాష్ట్రమున, రాకీ పర్వతముల తూర్పు వాలున, జనసంఖ్య నాలుగు వందల పన్నెండని బోర్డుపై వ్రాయబడి, ఆ బోర్డు వ్రాసిన పిదప చచ్చినవారిని ఎవ్వరును అందులోనుండి తీసివేయని కాలర్ క్రీక్ అను పురమున, ఏప్రిల్ మాసము మొదలు అక్టోబరు మాసాంతము వరకు, బట్టలుతుకు యంత్రమునకు ఎడమ దిక్కున, నీళ్ళు కాచు పీపాకు కుడి దిక్కున, మూడడుగుల బల్లపై జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను. చెవులున్నవారు వినుడు. మాగ్నములను పెనుమందు తుపాకులు పేల్చి పేల్చి చెవులు పోయినవారు ముందు వరుసకు జరుగుడు.

ఆ పురమున ఓరిన్ ట్వేట్ అను వీరుడు కలడు. వాడెట్టివాడనిన, ఏబదియేడు వత్సరముల ప్రాయమువాడు; శీతకాలమున కౌంటీ రహదారులపై మంచు త్రోయు బండి నడుపువాడు; దక్షిణ భ్రూభాగమున అర్ధచంద్రాకార క్షతచిహ్న విరాజితుడు; పితృదత్త మహామాగ్నం తుపాకీ ధారణ ధురంధరుడు; స్వహస్తపూరిత తూటా పక్షపాతి; అంగడి తూటా ద్వేషి; మరియు, చెప్పుటకు నాకే నోరు రావడం లేదు గానీ, పదకొండు సంవత్సరములుగా ఎల్కను పెనుదుప్పి వేట గుడారమున అంట్లు తోమువాడు.

ఆ అంట్ల వృత్తాంతము ముందు చెప్పవలెను, ఏలయన ఈ కథకంతటికి అదే మూలము. ప్రతి ఏటా వేట ఋతువు తెరచిన దినమున మువ్వురు మగవారు కొండకెక్కి, కాన్వాసు గుడారము వేసి, పది దినములు అక్కడే ఉందురు. మొదటివాడు మన ఓరిన్. రెండవవాడు ఓరిన్ ధర్మపత్నికి తమ్ముడు, డెల్ హాస్‌బ్రూక్ నామధేయుడు, పొరుగూరిలో టైర్ల దుకాణము కలవాడు. మూడవవాడు డెబ్బదియెనిమిదేండ్ల హల్వర్, ఊరి తుపాకీ క్లబ్బు తాళములు కలవాడు, గుడారమున వంట చేయువాడు. వంట చేసినవాడు గిన్నె తోమడు. ఇది హల్వర్ శాసనము. కనుక తోమవలసినవాడు తక్కిన ఇద్దరిలో ఒకడు. అది ఎవడో తేల్చుటకు, ఋతువు తెరచు ముందటి ఆదివారమున, క్లబ్బులో నూరు గజముల దూరమున కాగితము తగిలించి, చెరి మూడు తూటాలు పేల్చుదురు. ఎవని మూడు రంధ్రములు ఎక్కువ ఎడముగా పడునో వాడు పది దినములు అంట్లు తోమవలెను. పదకొండు ఆదివారములు ఓరిన్ ఓడెను. పదకొండు నూర్లు పది దినములు, లెక్క తప్పితే క్షమించుడు, నూటపది దినములు ఆ వీరుడు తోమెను.

ఆ తోముట ఎట్టిదో మీకెరుకా? సూర్యాస్తమయమున ఏటి మంచును గొడ్డలితో పగులగొట్టి నీరు తెచ్చి, గడ్డకట్టిన పంది కొవ్వును గోటితో గీకి, మాడిన చిక్కుడుగింజలను చాకుతో పెకలించి, వ్రేళ్ళు పగిలి, ఆ పగుళ్ళలో సబ్బునీరు దిగగా పళ్ళు బిగబట్టి నిలుచుట! లోపల పొయ్యి ప్రక్కన కాళ్ళు చాచుకొని కూర్చున్న డెల్, "బావా, ఆ కాఫీ కెటిలు కూడా చూడు, అడుగున ఏదో ఉంది" అని కేకవేయుట! ఈ రెంటిలో ఏది ఎక్కువ మంటో ఓరిన్ నేటికిని తేల్చలేదు.

ఈ అవమానమునకు మకుటమేమనగా, డెల్ తూటాలు ఇంట తయారైనవి కావు. పెట్టెడు తూటాలు సామాన్ల కొట్టులో బల్బులతో, ఎలుకల బోనులతో పాటు గంపలో వేసికొని వచ్చును. పేల్చును. గెలుచును. ఓరిన్ మాత్రము, చచ్చిన తండ్రి నేర్పిన విద్యపై ప్రాణము పెట్టుకొన్నవాడు. పేలిన తూటా ఇత్తడి తొడుగును పారవేయక, కడిగి, సాపుచేసి, అడుగున ప్రైమరను క్రొత్త నిప్పుబిళ్ళ గ్రుచ్చి, తూచిన మందు పోసి, మూతిన గుండు బిగించి, మరల తూటాగా పుట్టించు విద్య అది. తన తుపాకీ గొట్టమునకు నచ్చు పాళ్ళు తానే కనుగొన్నవానికి అంగడి తూటా సాటి రాదని వాని మతము. పదకొండేండ్లుగా ఆ మతమునకు కాలర్ క్రీక్‌లో వాడొక్కడే భక్తుడు.

ఏప్రిల్‌లో మంచు కరుగుచుండగా డెల్ ఫోను చేసెను.

"బావా, ఈ ఏడు కూడా మందు కలుపుతున్నావా?"

"కలపటం కాదురా. లోడు తయారుచేయటం."

"సరే, అదే. ఒక పని చెయ్యి. చేతులకి పూసుకునే లేపనం ఇప్పుడే కొనిపెట్టుకో. మా కొట్టు పక్కన ఆవు పొదుగులకి రాసేది అమ్ముతున్నారు. కంపు కొడుతుంది గానీ భలే పనిచేస్తుందట."

ఫోను పెట్టివేసి ఓరిన్ బల్లయొద్దకు నడచెను. గోడకు బిగించిన తూటాలు నొక్కు ప్రెస్సు పిడిని కుడిచేత పట్టెను. ఎడమచేయి త్రాసుపై నుంచెను. బట్టలుతుకు యంత్రము సాక్షిగా, సబ్బుపొడి డబ్బా సాక్షిగా, వాడు గర్జించెను.

"ఓరి టైర్ల వర్తకా! అంగడి తూటా జీవీ! వినుము! ఈ అక్టోబరు మాసమున, నూరు గజముల దూరమున, నా మూడు గుండ్లును పావు డాలరు బిళ్ళ క్రింద దాగునట్లు చేయనేని, నేను ఓరిన్‌ను కాను! నా చేతి తూటా నీ గర్వమును భేదించును! నీ చేతికి పీచు నిత్తును, నీ ముందు మసిగిన్నె నిడుదును, నీ వీపు చూచుచు నేను కాఫీ త్రాగెదను! ఇది ప్రతిజ్ఞ! ఇది..."

తలుపు తెరచుకొనెను. వాని భార్య లవాన్, ఇరువదిరెండేండ్లుగా బడి బస్సు నడుపు ధీర, చంకలో బట్టల బుట్టతో నిలిచి యుండెను.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"ఎవరితోనూ కాదు."

"అయితే పక్కకి జరుగు. తువ్వాళ్ళు వేయాలి."

అట్లు ప్రారంభమైన యుద్ధము ఆరు నెలలు సాగెను. ఏమని చెప్పుదును! ఇత్తడి తొడుగుల మెడలను వెంట్రుకవాసి తేడా లేకుండ కత్తిరించుచు, వాని లోపలి మసిని దూదిపుల్లతో తుడుచుచు, మందు రేణువులను పటకారుతో ఒక్కొక్కటిగా త్రాసుపళ్ళెములో వేసి, ఒకటెక్కువైనదని మరల తీసి, గుండును గొట్టమునకు ఒక కాగితమంత దగ్గరగా బిగించి, మరునాడు రెండు కాగితములంత దూరముగా బిగించి, ప్రతి కూర్పునకును నోటుపుస్తకమున ఒక సంఖ్య వేసి, శనివారము శనివారము క్లబ్బునకు పోయి పేల్చి, తిరిగి వచ్చి, మొగము వేలాడవేసి, ఆ సంఖ్యను ఎర్రసిరాతో కొట్టివేయుచు, సెప్టెంబరు నాటికి వాడు నలుబదియొకటవ కూర్పును చేరెను.

రంధ్రములు మాత్రము దగ్గరకు రాలేదు. ఒకటి పైన, ఒకటి క్రింద, ఒకటి అసలు కాగితపు అంచున! మూడింటిని కప్పుటకు పావు డాలరు కాదు, కాఫీ సాసరు కావలసి వచ్చెను. వీరుడు తలవంచలేదు, శత్రువుల పేర్లు మాత్రము మార్చుచుండెను. మేలో దోషము మందుది. జూన్‌లో గుండుది. జూలైలో ప్రైమర్లది. ఆగస్టులో అడవులు తగులబడి పొగ వచ్చెను గనుక దోషము పొగది. సెప్టెంబరులో ఇక ఎవరును మిగులక, దోషమును బట్టలుతుకు యంత్రముపై వేసెను.

"లవాన్! ఆపు దాన్ని!"

"మధ్యలో ఆగదు. పిండే వరసలో ఉంది."

"అది ఊగుతుంటే బల్ల ఊగుతోంది. బల్ల ఊగితే త్రాసు ఊగుతుంది. పదోవంతు గ్రెయిను తేడా వస్తోంది ఇక్కడ!"

"నీ జీన్సులే ఉన్నాయి అందులో. ఆపమంటే ఆపుతాను. రేపు పనికి త్రాసు కట్టుకుపో."

త్రాసు కట్టుకొని పోవుట కుదరదు గనుక యంత్రము తిరిగెను. అక్టోబరు రెండవ శనివారము వచ్చెను. పందెమునకు ఎనిమిది దినములు మాత్రమే మిగిలెను. ఆ ఉదయము ఓరిన్ పల్యంకమునుండి లేవలేదు. పైకప్పు చూచుచు పరుండి, దీనస్వరమున పలికెను.

"గొట్టమే పోయింది, లవాన్. నాన్న తుపాకీ గొట్టం అరిగిపోయింది. కొత్త గొట్టం వేయించాలంటే ఆరు నెలలు పడుతుంది. ఈ ఏడు కూడా నేనే తోమాలి."

ఆ మాటలో దుఃఖము నిజమైనది. వాడు తోముటకు ఏడ్వలేదు. తండ్రి ఇచ్చినది పాడైనదని ఏడ్చెను. లవాన్ ఫ్లాస్కులో కాఫీ పోసి, కోటు వేసికొనెను.

"లే. ఇవాళ నేనూ వస్తాను."

"నువ్వెందుకు?"

"ఆరు నెలలుగా నా బట్టలు సరిగా ఉతకనివ్వలేదు నువ్వు. దేనికోసమో చూడొద్దూ?"

క్లబ్బున వారిద్దరు తప్ప ఎవరును లేరు. ఓరిన్ బల్లయొద్ద కూర్చుండి, ఇసుక సంచులపై తుపాకీ నుంచి, చెవులకు మూతలు పెట్టి, నలుబదిమూడవ కూర్పును పేల్చెను. కొండలు దద్దరిల్లెను. దుమ్ము లేచెను. పైన్ చెట్టుపైనున్న కాకి ఊరు విడిచి పోయెను. గుండు మాత్రము కాగితపు క్రిందిమూలను తగిలెను. రెండవది పేల్చెను. అది పైమూలకు పోయెను.

లోకములో సామాన్యులు అట్టి సమయమున కాగితమును చూతురు. లవాన్ కాగితమును చూడలేదు. ఇరువదిరెండేండ్లు అద్దములో వెనుక సీట్లను చూచి, ఏ పిల్లవాడు ఎప్పుడు ఎవనిపై ఆపిలు విసరునో విసరక ముందే కనిపెట్టిన ఆ కన్నులు మొగుని మొగమునే చూచుచుండెను.

"తుపాకీ నాకివ్వు. ఈసారి తూటా నేను పెడతాను. నువ్వు అటు చూడు."

"ఎందుకు?"

"ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఒక్కసారి, ఎందుకని అడక్కుండా ఏదైనా చెయ్యి."

ఓరిన్ అటు చూచెను. లవాన్ వాని పెట్టెలో వెదకి, మందు లేక, ప్రైమరు లేక, పొడవు కొలుచుటకు మాత్రమే వాడు చేసికొన్న ఉత్తుత్తి తూటాను తీసి, తుపాకీలో పెట్టి, మూసి, ఏమీ ఎరుగనట్టు వాని చేతికిచ్చెను. వీరుడు చెంపను తుపాకీ కర్రకానించెను. తుపాకీపైనున్న దుర్భిణిలో లక్ష్యమును నిలిపెను. ఊపిరి సగము వదలెను. మీట నొక్కెను.

టిక్.

అంతే. కొండలు దద్దరిల్లలేదు. కాకి తిరిగి వచ్చి కూర్చుండెను. కానీ ఆ నిశ్శబ్దములో, అయ్యయ్యో, ఆ మహావీరుని భుజము ఎగిరెను, దవడ బిగిసెను, తుపాకీ మూతి గభాలున నేలకు వంగెను, రెండు కన్నులును గట్టిగా మూతపడి యుండెను. మూసినవాడు తెరచుటకు కూడ కొంత కాలము పట్టెను.

"కళ్ళు మూశావు" అనెను లవాన్.

"మూయలేదు."

"మూశావు, ఓరిన్. తుపాకీ మూతి నేలని చూసింది."

"గాలి వీచింది."

"అసలు పేలనే లేదు కదయ్యా! గాలి ఏం చేస్తుంది?"

"ఇంకోసారి పెట్టు."

మరల పెట్టెను. ఈసారి నిజమైనదో ఉత్తుత్తిదో చెప్పలేదు. టిక్. మరల భుజమెగిరెను. మూడవసారియు అంతే. అప్పుడు ఓరిన్ తుపాకీని మెల్లగా బల్లపై పెట్టి, చెవి మూతలు తీసి, చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. నలుబదిమూడు కూర్పులు! ఆరు నెలల ఎర్రసిరా! మందుది కాదు, గుండుది కాదు, పొగది కాదు, తండ్రి గొట్టముది కాదు. సిగ్గుతో వాని చెవులు కాలిపోయెను.

"ఈ మచ్చ ఉంది చూడు" అనెను చివరకు, కనుబొమ్మ తాకుచు. "గుర్రం తన్నిందని చెప్తాను అందరికీ."

"తెలుసు. నాకూ అదే చెప్పావు."

"గుర్రం కాదు. పద్నాలుగేళ్ళప్పుడు నాన్న మొదటిసారి ఈ తుపాకీ చేతికిచ్చాడు. వెనక్కి తన్ని దుర్భిణి వచ్చి ఇక్కడ కొట్టింది. రక్తం కళ్ళలోకి కారింది. నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటినుంచీ మూస్తున్నానేమో."

లవాన్ పరిహాసము చేయలేదు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి వాని చేతికిచ్చెను. "ఇప్పుడైనా తెలిసింది కదా. గొట్టం కొనక్కర్లేదు."

తెలిసినంత మాత్రమున శరీరము మాట వినదు. ఇంటికి వచ్చి లవాన్ నోటుపుస్తకము తెరచి, మొదటి పుటకు పోయెను. అందులో మొదటి సంఖ్య కూర్పు ఉండెను. తయారీ పుస్తకములో ఇంతకంటె తక్కువ పోయరాదని ముద్రించిన కనిష్ఠ మోతాదు అది. పేల్చినవాని భుజమును మెల్లగా తట్టి ఊరకొనును. ఓరిన్ దానిని ఏప్రిల్‌లో ఒక్కసారి పేల్చి, చిన్నచూపు చూచి, ప్రక్కన "ఉడతల మందు" అని వ్రాసి పుట త్రిప్పెను.

"ఇది పేల్చు" అనెను లవాన్.

వీరుడు ఉగ్రుడయ్యెను. లేచి నిలిచెను. బట్టలుతుకు యంత్రము మరల సాక్షియయ్యెను.

"ఏమంటివి! మహామాగ్నమనగా ఏమనుకొంటివి? కొండను కదపవలెను! లోయను మ్రోగింపవలెను! భుజమును నలుపు చేయవలెను! నా తండ్రి గర్జించెను, నేను గర్జించెదను! ఉడుతను తరుము మందుతో ఎల్కు వేటకు పోవువాడు మగవాడా? సింహమును పట్టి తెచ్చి మ్యావుమనిపించుదునా?"

"సరే. గర్జిస్తూనే గిన్నెలు తోముకో" అని లవాన్ తువ్వాళ్ళు మడుచుకొనెను.

 ఓరిన్ మనసులో ఒక వైపు గర్జన, ఒక వైపు మాడిన చిక్కుడుగింజలు. పగిలిన వ్రేళ్ళను చూచుకొనెను. నిరుటి పగుళ్ళ గీతలు ఇంకను ఉండెను. కూర్చుండెను. ఇరువది తొడుగులు ముందుకు జరుపుకొని, మొదటి సంఖ్య మోతాదు తూచ నారంభించెను. యంత్రము ప్రక్కన తిరుగుచునే యుండెను. ఆపమని ఈసారి అనలేదు.

అంత సోమవారము మొదలు అయిదు దినముల తపస్సు. ప్రతి సాయంకాలము నాలుగింటికి, పిల్లలను దించి, పసుపుపచ్చ బస్సును క్లబ్బు ముందు నిలిపి, లవాన్ వచ్చి ప్రక్కన కూర్చుండును. ఒకసారి ఉడతల మందు తూటా, ఒకసారి ఉత్తుత్తిది, ఏది ఎప్పుడో చెప్పక తుపాకీలో పెట్టి ఇచ్చును. సోమవారము పదింటిలో పదిసార్లు మూసెను. మంగళవారము తొమ్మిది, తెరచిన ఆ ఒక్కటియు ఉత్తుత్తిదే. బుధవారము నాడు ఒకసారి తెరచి యుంచి, పేలిన తుపాకీ మూతిన నిప్పు మెరయుట కనులార చూచి, పసివానివలె లేచి గంతులు వేసెను. నలుబదిమూడేండ్లుగా పేల్చుచున్నవాడు అది మొదటిసారి చూచుట.

"చూశావా? చూశావా? నారింజ రంగులో ఉంది!"

"చూశాను. కూర్చో. ఇంకా ఆరున్నాయి."

ఆదివారము వచ్చెను. ఆకాశము బూడిదరంగున నుండెను; గాలి లేదు; క్లబ్బు రేకుల కప్పుపై తొలి మంచు పలుచగా పరచుకొని యుండెను. డెల్ పికప్ దిగి, సామాన్ల కొట్టు సంచిలోనుండి క్రొత్త తూటా పెట్టెను, రెండు బల్బులను, ఒక గిన్నెలు తోము బ్రష్షును తీసెను. బ్రష్షుకు ఎర్ర రిబ్బను కట్టి యుండెను.

"బావా, ఇది నీకు. పన్నెండో ఏడు కదా, ఉత్త చేతుల్తో రావటం బాగుండదని."

"అక్కడ పెట్టు" అనెను ఓరిన్. తన తూటాల పెట్టె తెరచుకొనెను. డెల్ కొంచెము అనుమానముగా చూచెను.

ముందు డెల్ పేల్చెను. మూడు ఘోర శబ్దములు లోయను నింపెను. హల్వర్ మెల్లమెల్లగా నడచి పోయి, కాగితము తెచ్చి, బల్లపై పరచి, జేబులోనుండి పావు డాలరు బిళ్ళను, కొలత కాలిపరును తీసెను. బిళ్ళ రెండు రంధ్రములను కప్పెను. మూడవది బయటనుండి సగము తొంగిచూచెను. "బాగానే ఉంది. మూతపడేట్టే ఉంది గానీ పడలేదు" అని హల్వర్ సంఖ్య వ్రాసికొనెను. డెల్ చేతులు నలుపుకొని కాఫీ త్రాగెను. అట్టి కొలతను ఓరిన్ పదకొండేండ్లలో ఒక్కనాడును చేరలేదు.

అప్పుడు మన వీరుడు కూర్చుండెను. ఈసారి తూటా తానే పెట్టుకొనవలెను. లవాన్ కంచె ఆవల, తన బస్సు తలుపు దగ్గర నిలిచి యుండెను. మొదటిది పేల్చెను. పుఫ్!

"అదేం చప్పుడు బావా? ఊరగాయ సీసా మూత తీశావా?" అని డెల్ పగలబడి నవ్వెను.

ఓరిన్ తదుపరి తూటా పెట్టెను. రెండవది పేల్చెను. కన్ను తెరచియే యుండెను. నారింజ వెలుగు కనబడెను. దుర్భిణిలో చూడగా నూరు గజముల ఆవల రెండు రంధ్రములు ఒకదాని నొకటి ఒరసికొని యుండెను. ఇక ఒక్కటి మిగిలెను. ఒక్కటే!

ఆహా, ఆ మూడవ తూటా! చెంప కర్రకానినదో లేదో, దేహమునందలి సర్వభీతులును మేల్కొని, కంఠమునుండి దవడకు, దవడనుండి చెంపకు, చెంపనుండి రెప్పకు ప్రాకి, "మూయుము, మూయుము, దుర్భిణి వచ్చుచున్నది, రక్తము వచ్చుచున్నది, తండ్రి నవ్వుచున్నాడు" అని ఘోషింప, ఆ రెప్ప వణకుచు క్రిందికి దిగజొచ్చి, సగము దిగి, లక్ష్యమును సగము కప్పగా, ఒక్క మనుష్యుడు ఏకాకియై, ఆయుధములేమియు లేక, ఒక బొటనవ్రేలంత చర్మమును పైకి నిలుపుటకు పడిన పాటును ఎవడు వర్ణింపగలడు? వాడు మీట నొక్కలేదు. ఊపిరి వదలి, తల ఎత్తి, రెండుసార్లు రెప్ప వేసి, మరల చెంప ఆనించెను. రెప్ప వణకెను. వాడు ఓర్చెను. మరల వణకెను. వాడు మరల ఓర్చెను. అది అలసి ఊరకొనెను. పుఫ్!

వెలుగు కనబడెను.

హల్వర్ పోయి కాగితము తెచ్చెను. ఆ వృద్ధుని నడకకు ఒక యుగము పట్టెను. బిళ్ళ పెట్టెను. రెండు రంధ్రములు క్రిందికి పోయెను. మూడవదాని అంచు మాత్రము, గోరు చివరంత, బయట మెరసెను. డెల్ వంగి చూచెను. నవ్వు మానెను. హల్వర్ కళ్ళజోడు తుడుచుకొని కాలిపరు పెట్టి కొలిచి, ముందు డెల్ కాగితమును, పిదప ఓరిన్ కాగితమును, మరల డెల్ కాగితమును కొలిచెను.

"అంగుళంలో ముప్ఫైరెండో వంతు తేడా" అనెను. "ఓరిన్‌ది చిన్నది."

"ఇంకోసారి కొలువు మామా" అనెను డెల్.

"మూడుసార్లు కొలిచాను. నాలుగోసారి కొలిస్తే నా చేయి వణికి ఇంకా పెద్దదవుతుంది నీది. ఆ రిబ్బను విప్పుకో, బ్రష్షు నీదే."

కంచె ఆవల లవాన్ చప్పట్లు కొట్టలేదు. బస్సు హారను ఒక్కసారి మ్రోగించెను. ఓరిన్ మాగ్నం గర్జింపని ఆ ఉదయమున, వాని పక్షమున లోయలో మ్రోగిన పెద్ద శబ్దము అదొక్కటే.

ఋతువు తెరచెను. మువ్వురును కొండకెక్కిరి. మొదటి దినము ఎల్కు ఒక్కటియు కనబడలేదు. సాయంకాలము హల్వర్ పంది మాంసము వేయించి, చిక్కుడుగింజలు మాడ్చి, చేతులు తుడుచుకొని, తన మంచముపై పరుండెను. డెల్ గొడ్డలి తీసికొని ఏటికి పోయి, నీళ్ళు తెచ్చి, గుడారము వాకిట వంగి, గిన్నెలు మొదలుపెట్టెను. సబ్బు నురుగు చలికి బిగుసుకొనెను. డెల్ "అబ్బా" అనెను, వ్రేళ్ళు నోట పెట్టుకొనెను, మరల తోమెను.

ఓరిన్ పొయ్యి ప్రక్కన కాళ్ళు చాచుకొని కూర్చుండెను. కాఫీ చేతనుండెను. ఆరు నెలలు కలలు కన్న సుఖము ఇదియే. కానీ ఆ వంగిన వీపును చూచుకొలది వాని మనసు మెత్తబడెను. ఆ పగుళ్ళు వానికి తెలియును గదా! కెటిలైనా తాను తోముదునా అని కప్పు క్రింద పెట్టి, మోకాళ్ళపై చేయివేసి, సగము లేచెను. లేచుచు, మనసులోని బరువు కూడ దించుకొనవలెనని నోరు తెరచెను.

"ఒరేయ్ డెల్, నీకొకటి చెప్పాలి. ఇన్నేళ్ళూ నా తూటాల తప్పు కాదురా. నేను... పేల్చేటప్పుడు కళ్ళు మూసేవాణ్ణి."

డెల్ తల ఎత్తలేదు. "తెలుసు" అనెను.

"ఏం తెలుసు?"

"మూస్తావని. పక్క బల్ల మీద కూర్చునేది నేనే కదా బావా. మొదటి ఏడే చూశాను. తుపాకీ ఎత్తగానే నిమ్మకాయ కొరికినట్టు పెడతావు మొహం."

"నాకూ తెలుసు" అనెను మంచముపైనుండి హల్వర్, కన్నులు తెరువకయే.

"పదకొండేళ్ళు!" అనెను ఓరిన్. "మరి ఒక్కడైనా చెప్పలేదేం?"

డెల్ మాడిన పెనమును త్రిప్పి, రెండవ వైపు తోముచు, మిక్కిలి సహజముగా పలికెను.

"చెబితే ఇవి ఎవరు తోముతారు?"

సగము లేచిన ఓరిన్ ట్వేట్ కొంచెముసేపు అట్లే సగములో నిలిచెను. పిదప కూర్చుండెను. కాళ్ళు మునుపటికంటె ఎక్కువ చాచెను. కాఫీ కప్పు తీసికొని, ఒక్క గుక్క త్రాగి, ప్రశాంత గంభీర స్వరమున, "ఆ కెటిలు కూడా చూడు, అడుగున ఏదో ఉంది" అనెను.

జయము! జయము! అంగుళములో ముప్ఫైరెండవ వంతున త్రైలోక్యమును గెలిచిన వీరునికి జయము! మూడు పళ్ళెములును, రెండు గరిటెలును, ఒక పెనమును, ఒక కెటిలును పది దినములు తోమకుండ మిగిలినవానికి జయము! ఈ కథ విన్నవారి చేతులు చలికాలమున పగులకుండు గాక. విననివారు వెళ్ళి తమ గిన్నెలు తాము తోముకొందురు గాక.